తాళం వేసిన తండాలో నిరాశ్రయులెందరు?

2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. జనగణన సిబ్బంది బస్టాండ్లు, రైల్వే ప్లాట్‌ఫారాలు, గుడి మంటపాలు, ఫ్లైఓవర్ల కింది జాగాలు తిరిగి 17.73 లక్షల మందిని నమోదు చేశారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1.45 లక్షలు. ఫిబ్రవరి నెలాఖరంటే చక్కెర ఫ్యాక్టరీల్లో గానుగాట జోరుగా సాగే కాలం. అంటే ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ ప్రాంతపు చెరుకు కూలీలు ఊళ్లో ఉండని కాలం. నిరాశ్రయుల కోసం ప్రభుత్వం వెతికిన ఆ ఒక్క రాత్రి వాళ్లు ఏ బస్టాండులోనూ లేరు, సొంత తండాలోనూ లేరు. పరాయి జిల్లాలోనో, పరాయి రాష్ట్రంలోనో చెరుకు మడి పక్కన వేసుకున్న గుడారంలో నిద్రపోయారు.

నారాయణఖేడ్, కంగ్టి, మనూరు, కల్హేర్, సిర్గాపూర్, నాగల్‌గిద్ద మండలాలు తెలిసినవారికి ఈ వలస కొత్త సంగతి కాదు. దసరా దాటితే చాలు, మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని గిన్నెలూ పిల్లలూ మూటలతో బయలుదేరే కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. కొందరు జహీరాబాద్, సంగారెడ్డి వైపు పోతారు. కొందరు సరిహద్దు దాటి బీదర్ మీదుగా కర్ణాటక, మహారాష్ట్ర ఫ్యాక్టరీలకు పోతారు. మళ్లీ ఊరి ముఖం చూసేది ఉగాది దగ్గరపడ్డాకే. మధ్యలోని నెలలన్నీ చెరుకు ఆకు, వెదురు బొంగులు, టార్పాలిన్ పట్టాలతో వేసిన గుడారంలోనే కాపురం. వానొస్తే తడుస్తారు, చలికి వణుకుతారు. బాలింత ఆ నేలమీదే పడుకుంటుంది.

జనగణన కాగితంలో వీళ్లను ఏ గడిలో రాయాలి? కాగితం మీద వీళ్లకు తండాలో ఇల్లుంది, కనుక నిరాశ్రయులు కారు. గుడారంలో ఉన్నారు గనుక ఫుట్‌పాత్ మనుషులూ కారు. ఏ పథకానికైనా లెక్కే మొదటి మెట్టు. ఆ మెట్టు దగ్గరే జారిపోయిన మనిషికి ఆశ్రయం, వైద్యం, రేషన్, బడి అన్నీ అందకుండా పోతాయి. నారాయణఖేడ్‌కు వైద్యుల కొరత ఉన్నమాట నిజం, నిధుల కొరతా నిజం. కానీ వాటికంటే ముందున్న కొరత మరొకటి ఉందని నా అభిప్రాయం. ఇక్కడి జనం ఏ నెలలో ఎక్కడ ఉంటారు, దేనికి భయపడి ఆసుపత్రికి రారు, ఏది ఇస్తే తీసుకుంటారు, ఏది ఇచ్చినా ఎందుకు వద్దంటారు అని ఏళ్లతరబడి దగ్గరుండి తెలుసుకుని, ఆ తెలుసుకున్నదాన్ని సర్కారు ఫైలులోకి ఎక్కించే మనిషి లేడు. ఆ పని మానవ శాస్త్రవేత్తలది. వాళ్లకు మన జిల్లాల్లో ఒక్క కుర్చీ కూడా వేయలేదు.

ఆ కుర్చీ వేస్తే ఏమవుతుందో న్యూయార్క్ నగరం చూసింది. అక్కడ రాబర్ట్ హేస్ అనే యువ న్యాయవాది 1979లో నిరాశ్రయుల తరఫున కేసు వేశాడు. పిటిషనర్ పేరు రాబర్ట్ కలహన్. బోవరీ ప్రాంతపు వీధుల్లో పడుకునే మనిషి. అదే కాలంలో ఎలెన్ బాక్స్టర్, కిమ్ హాపర్ అనే ఇద్దరు పరిశోధకులు వీధుల్లో, స్టేషన్లలో, మునిసిపల్ వసతి గృహాల్లో రాత్రులు గడిపి నిరాశ్రయులతో మాట్లాడారు. హాపర్ మానవ శాస్త్రం దారిలో వచ్చినవాడు. 1981లో వాళ్ల నివేదిక వెలువడింది. వసతి ఇస్తామన్నా రారు, వాళ్లకు వీధే ఇష్టం అని అధికారులు అప్పటిదాకా చెబుతూ వచ్చిన మాట ఆ నివేదికతో నిలవకుండా పోయింది. ఆ వసతి గృహాల్లో దొంగతనాలు, దెబ్బలు, అవమానాలు రోజువారీ సంగతులు. అవన్నీ తెలిసిన మనిషి బయటే పడుకోవడం మతిలేనితనం కాదనీ, ప్రాణం కాపాడుకునే తెలివేననీ వాళ్లు రుజువులతో చూపించారు. అదే ఏడాది కోర్టు సమక్షంలో కుదిరిన ఒప్పందం ప్రకారం, అడిగిన నిరాశ్రయుడికి వసతి కల్పించడం నగరం బాధ్యత అయింది. అప్పటికే కలహన్ వీధిలో కన్నుమూశాడు.

ఒక నివేదిక, ఒక గెలుపుతో హాపర్ పని ఆగలేదు. ఆయన జీవితంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఈ కొనసాగింపే. న్యూయార్క్ రాష్ట్రంలోని నాథన్ క్లైన్ పరిశోధన సంస్థలో దశాబ్దాలు పనిచేస్తూ, తాను గెలిపించిన వసతి గృహాలనే మళ్లీ పరీక్షకు పెట్టాడు. తీవ్ర మానసిక రోగం ఉన్న నిరాశ్రయులు ఆసుపత్రి నుంచి వసతి గృహానికి, అక్కడినుంచి జైలుకు, జైలునుంచి వీధికి, వీధినుంచి మళ్లీ ఆసుపత్రికి తిరుగుతూ ఉంటారనీ, ప్రతి సంస్థా తన వంతు పని పూర్తయిందని రాసుకుంటుందనీ, మనిషి మాత్రం ఎక్కడా నిలదొక్కుకోడనీ 1997లో సహచరులతో కలిసి రాశాడు. విడివిడిగా చూస్తే ఏ సంస్థ రికార్డులోనూ తప్పు కనపడదు. ఒక్కో మనిషి వెంట నడిస్తే తప్ప ఆ చక్రం కంటపడదు.

లెక్కల విషయంలో ఆయన బృందం చేసిన పని మన జనగణన అధికారులు తప్పక చూడాలి. నిరాశ్రయులను ఒకే రాత్రి లెక్కపెట్టే పద్ధతి న్యూయార్క్‌లోనూ ఉంది. 2005లో లెక్క జరిగిన రాత్రి హాపర్ బృందం కొంతమందిని నిరాశ్రయుల్లా నగరంలో అక్కడక్కడా కూర్చోబెట్టింది. గణకులు వాళ్లను చూస్తారా లేదా అన్నది పరీక్ష. దాదాపు 29 శాతం చోట్ల గణకులు వాళ్లను దాటిపోయారు. కనపడటానికే కూర్చున్నవాళ్లలో అంతమంది తప్పిపోతే, కనపడకుండా ఉండటానికి జాగ్రత్తపడేవాళ్ల మాటేమిటి? లెక్క తప్పని వాదించడం తేలిక. ఎంత తప్పో కొలిచి చూపడం వేరే స్థాయి పని. అలా కొలిచి చూపితే అధికారి కాదనలేడు.

మన దేశంలో ఆశ్రయం మీద నియమాలు లేవని కాదు. సుప్రీంకోర్టు 2010 నుంచి వరసగా ఇచ్చిన ఆదేశాల వల్ల లక్ష పట్టణ జనాభాకు నిర్ణీత సంఖ్యలో నిరాశ్రయుల వసతి గృహాలు ఉండాలన్న సూత్రం వచ్చింది. తర్వాత జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్ని పథకంగా మార్చి, ఒక్కో మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని చెప్పింది. అమలు సరిగా లేదని 2016లో సుప్రీంకోర్టే జస్టిస్ కైలాష్ గంభీర్ నాయకత్వంలో కమిటీ వేయాల్సి వచ్చింది. అమలు సంగతి అలా ఉంచి సూత్రాన్నే చూద్దాం. అది పట్టణాన్ని, లక్ష జనాన్ని, నిలకడగా ఒకచోట ఉండే నిరాశ్రయుణ్ని దృష్టిలో పెట్టుకుంది. నారాయణఖేడ్ 2018లో మునిసిపాలిటీ అయిందిగానీ లక్షకు ఎంతో దూరం. ఇక్కడి కూలి నిరాశ్రయుడయ్యేది ఊళ్లో కాదు, ఊరు వదిలిన మరునాడు. అదీ పట్టణంలో కాదు, పొలంలో. అతని కోసం రాసిన వాక్యం ఆ పథకంలో లేదు.

కార్మిక చట్టంలో ఉంది. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు తగిన నివాస వసతి కల్పించాల్సింది కాంట్రాక్టరేనని 1979 చట్టం స్పష్టంగా చెప్పింది. ఆ చట్టం ఇప్పుడు వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. కానీ చెరుకు కోతలో కాంట్రాక్టరెవరు? ఫ్యాక్టరీ తమకు మేస్త్రితోనే సంబంధం అంటుంది. మేస్త్రి తానూ కూలివాడినే అంటాడు. చాలాచోట్ల అడ్వాన్సు భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒకే లెక్కగా ఇస్తారు గనుక ఆడమనిషి పేరు ఏ కాగితంమీదా ఉండదు. అడ్వాన్సు తీరకపోతే బాకీ వచ్చే ఏడాదికి పోతుంది, దానితోపాటే మనిషీ పోతాడు. 2015 డిసెంబరులో బోధన్, ముంబోజిపల్లి, మెట్‌పల్లిలోని నిజాం దక్కన్ షుగర్స్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. దగ్గరి గానుగ ఆగినప్పుడల్లా కూలి ప్రయాణం పొడుగవుతుంది, ఇంటికీ అతనికీ నడుమ మరో భాష, మరో రాష్ట్రం, మరో పోలీస్ స్టేషన్ వచ్చి చేరతాయి.

ప్రజల్లో కూర్చుని చూసిన పరిశోధకుడు సర్కారును కదిలించిన ఉదాహరణ కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు కూడా. మన గడ్డమీదే అలాంటివాడు తిరిగాడు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో జర్మనీ పాస్‌పోర్టు ఉన్న కారణంగా శత్రుదేశస్థుడిగా బ్రిటిష్ ఇండియాలో ఆయనపై ఆంక్షలు పడ్డాయి. నిజాం రాజ్యం ఆయనకు ఆశ్రయమైంది. ముందు నల్లమల చెంచులతో, తర్వాత గోదావరి కొండరెడ్లతో, ఆపైన ఆదిలాబాద్ గోండులతో ఉన్నాడు. 1940లో గోండు నాయకుడు కుమ్రం భీమ్‌ను పోలీసులు కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. భార్య బెట్టీతో కలిసి ఆయన గోండుల ఊరు మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు.

అక్కడ ఆయనకు కనిపించింది భూమి గొడవ. రిజర్వు ఫారెస్టు గీత గీసినప్పుడు ఊళ్లకు ఊళ్లు అటవీశాఖ లోపలికి పోయాయి. తాతల కాలంనుంచి దున్నుకున్న గోండు తెల్లారేసరికి ఆక్రమణదారు అయ్యాడు. గుడిసెలు తగలబెట్టి మనుషులను వెళ్లగొట్టారు. ప్రభుత్వం శాంతిభద్రతల సమస్య అనుకున్నది ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల సమస్యగా బయటపడింది. 1945 నుంచి గిరిజనులు, వెనుకబడిన వర్గాల వ్యవహారాల్లో నిజాం ప్రభుత్వ సలహాదారుగా ఆయన పట్టుబట్టి పట్టాలు ఇప్పించాడు. ఆ దశాబ్దం ముగిసేసరికి ఆదిలాబాద్‌లో సుమారు లక్షా అరవై వేల ఎకరాలు గిరిజనుల పేరుమీదికి వచ్చాయి. గోండు భాషలో చదువు చెప్పే ఉపాధ్యాయులను మార్లవాయిలో తయారుచేశారు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో ఆ ఊరివాళ్లు ఆమె పక్కకే చేర్చుకున్నారు. ఒక ఊరు ఒక పరిశోధకుణ్ని తనవాడనుకోవడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

అయితే ఒక మాట దాచకూడదు. హైమన్‌డార్ఫ్ గోండుల గుడిసెలో కూర్చుని చూశాడు గనుక లంబాడాలు ఆయన రాతల్లో ఎక్కువగా గోండుల భూమిలోకి వచ్చినవాళ్లుగానే కనిపిస్తారు. 1970లలో మళ్లీ వచ్చి చూసినప్పుడు, తాను ఇప్పించిన భూములు చేజారిపోవడం ఆయన్ను కలచివేసింది. 1982లో వచ్చిన పుస్తకంలో ఆ బాధ ఉంది. ఆదిలాబాద్ వరకు ఆ చూపుకు ఆధారాలున్నాయి. కానీ ఖేడ్ తండాల్లో అదే లంబాడా నీళ్లందని నేలమీద, చాలీచాలని చెలకతో, ఏటా ఊరు విడిచే కూలి. ఆయన చెప్పిన కథను ఇంకొక మానవ శాస్త్రవేత్త ఈ చివరనుంచి రాయాల్సి ఉంది. ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ల బాధ కనిపిస్తుంది. అందుకే ఒక్కరు సరిపోరు, ఒక్కచోట సరిపోదు.

ఇక కల్లు సంగతి. ఖేడ్ ఉన్న మెతుకుసీమలో (పాత మెదక్ జిల్లాలో) కూలీలు కోలుకోవడం గురించి మాట్లాడుతూ కల్లును దాటవేస్తే అది బూటకమే అవుతుంది. ఇక్కడ నేను చెట్టు కల్లు గురించి మాట్లాడటం లేదు. ఈతచెట్టు, తాటిచెట్టు నుంచి దించే కల్లుకు మన పల్లెల్లో కులవృత్తి గౌరవం ఉంది, గీత కార్మికుల బతుకు ఉంది, పండుగలో చోటు ఉంది. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయినచోట డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్, ఇటీవలి కాలంలో అల్ప్రాజోలం కలిపిన నీళ్లు కల్లు పేరుతో సీసాల్లోకి చేరాయి. సంగారెడ్డి జిల్లా పారిశ్రామిక ప్రాంతాల పరిసరాల్లోనే అల్ప్రాజోలం తయారుచేసే ముఠాలు పట్టుబడిన సందర్భాలున్నాయి. చెరుకు కొట్టి, మోపు మోసి, వళ్లంతా పుండైన మనిషికి ఆ సీసా నొప్పుల గోలీ, నిద్ర గోలీ రెండూ అవుతుంది. అది వట్టి మత్తు కాదు. మెదడును నెమ్మదింపజేసే ఆ మందులకు రోజూ అలవాటుపడ్డ ఒంట్లో అవి ఉన్నట్టుండి ఆగిపోతే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, మూర్ఛలు రావడం జరుగుతుంది. ప్రాణమూ పోవచ్చు.

ఈ సంగతి ప్రభుత్వానికి ఎవరో చెప్పాల్సిన పని లేకుండానే రెండుసార్లు అనుభవంలోకి వచ్చింది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుమీద దాడులు పెరిగి సరఫరా తగ్గగానే నిజామాబాద్ తదితర జిల్లాల్లో ఆసుపత్రులు వింతగా ప్రవర్తించే రోగులతో నిండిపోయాయి. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేయగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగుల రాక ఒక్కసారిగా పెరిగింది. ఆ తర్వాత కూడా, 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, మళ్లీ దాడులు జరిగాయి. మన తీరు ఒకటే వరస. ముందు పట్టించుకోకపోవడం, తర్వాత ఉలిక్కిపడి మూసేయడం, ఆ తర్వాత ఆసుపత్రుల ముందు క్యూలు, వారాలు గడిచాక అందరూ మరచిపోవడం.

కల్తీ చేసేవాళ్లను పట్టుకోవద్దని ఎవరూ అనరు. కఠినంగానే శిక్షించాలి. కానీ దుకాణం మూసే ఎక్సైజ్ జీపు ముందు వచ్చి, వైద్యశాఖ అంబులెన్సు ఎప్పటికో రావడంలో మనుషుల ప్రాణాలు పోతున్నాయి. దాడికి ముందే ఆ దుకాణంమీద ఆధారపడ్డ ఊళ్లేవి, రోజూ తాగే ముసలివాళ్లెందరు, గర్భిణులెందరు, ఎవరికి మందు మోతాదు క్రమంగా తగ్గించాలి అన్నది తెలిసి ఉండాలి. ఆ జాబితా ఎక్సైజ్ శాఖ దగ్గర ఉండదు. భయంవల్ల ఆశ కార్యకర్తకూ ఎవరూ చెప్పరు. దుకాణం అరుగుమీద నెలలు కూర్చుని, ఎవరిమీదా కేసు పెట్టడని నమ్మకం కలిగించుకున్న మనిషికే ఆ వివరం దొరుకుతుంది.

అలా కూర్చున్న మనిషి ఒకడు సియాటిల్‌లో ఉండేవాడు. జేమ్స్ స్ప్రాడ్లీ అనే మానవ శాస్త్రవేత్త 1960ల చివర అక్కడి వీధి తాగుబోతులతో గడిపి 1970లో పుస్తకం రాశాడు. తాగినందుకు జైల్లో వేయడం, వదలడం, మళ్లీ వేయడం అనే తంతు వాళ్లను మాన్పించకపోగా, కొద్దిపాటి జీతాన్నీ బంధాన్నీ తెంచి ఆ బతుకులోనే స్థిరపరుస్తోందని ఆయన వాళ్ల మాటల్లోనే చూపించాడు. మన వలయం పేర్లు వేరు. ఖేడ్ ఆసుపత్రి, సంగారెడ్డికి రిఫర్, అక్కడినుంచి ఖేడ్‌కు వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలోని ఎర్రగడ్డ, కొద్ది రోజుల చికిత్స, డిశ్చార్జి, ఊళ్లో అదే దుకాణం, లేదంటే మేస్త్రి పిలుపు. హాపర్ 1997లో రాసిన చక్రం ఇదే.

చికిత్స అందని తీరు ఎంత లోతుగా ఉందో జాతీయ స్థాయి అంకె ఒకటి చెబుతుంది. ఎయిమ్స్ నిపుణులు నిర్వహించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. కల్తీ కల్లు తాగేవాళ్లలో చాలామంది తాము మందు బిళ్లలకు బానిసలమనే ఎరుగరు. వాళ్లు ఆ 38 మందిలోకి కూడా రారేమో.

కోలుకోవడం విషయంలో మనకు అనుకూలమైన సాక్ష్యం ఒకటి ఉంది. దానిలోనూ హాపర్ చేయి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివరినుంచి స్కిజోఫ్రీనియా రోగులను పలు దేశాల్లో అనుసరించి చూసింది. మన ఆగ్రా, తర్వాత చండీగఢ్, చెన్నై వంటి కేంద్రాలు అందులో ఉన్నాయి. సంపన్న దేశాల రోగులకంటే మన దగ్గరివాళ్లు మెరుగ్గా కోలుకున్నట్టు తేలడం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆ అధ్యయనాల దీర్ఘకాలిక ఫలితాలను మళ్లీ తరచి చూసినవాళ్లలో హాపర్ ఒకడు. 2007లో వచ్చిన గ్రంథానికి సంపాదకుల్లోనూ ఒకడు. తేడా నిజమేనని ఆ విశ్లేషణ చెప్పింది. కుటుంబం వెన్నంటి ఉండటం, చేతనైనంత పని చేసుకునే వీలుండటం కారణాలు కావచ్చని చాలామంది భావించారు. దీన్ని ప్రశ్నించిన పరిశోధకులూ ఉన్నారు. పేద దేశాలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దన్న వాళ్ల హెచ్చరిక సబబైనదే.

ఈ మాటను పట్టుకుని తండాలో అన్నీ చక్కబడతాయని చేతులు దులుపుకుంటే నేరమవుతుంది. వెన్నంటి ఉండాల్సిన కుటుంబమే ఆరు నెలలు ఊళ్లో లేనప్పుడు, మతి చలించిన అన్ననో, ఒంటరి ముసలమ్మనో ఎవరు చూస్తారు? వలస కుటుంబం ముందు రెండే దారులు. రోగిని గుడారానికి తీసుకుపోవాలి, లేదా తాళం వేసిన ఇంటి అరుగుమీద వదిలిపోవాలి. అలా వదిలిన మనిషి ఏదో ఒకరోజు బస్సెక్కి దిగిన చోట నిరాశ్రయుడవుతాడు. నగరంలో దొరికిన రోగికి ఊరు ఉందంటే సరిపోదు, ఆ ఊళ్లో ఆ నెలలో మనిషి ఉండాలి. మనకు బలమనుకుంటున్న కుటుంబాన్ని చెరుకు సీజన్ ఏటా రెండుగా విడదీస్తోంది.

దీనికి దారి చూపినవాళ్లు మన దక్షిణాదిలోనే ఉన్నారు. చెన్నైలో 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ మొదలుపెట్టిన బానియన్ సంస్థ, వీధిలో దొరికిన మానసిక రోగులకు చికిత్స చేసి ఇళ్లకు చేర్చేది. చేర్చలేని వాళ్లు ఆసుపత్రిలోనే ఏళ్లు గడుపుతున్నారని గమనించి 2015లో మామూలు వీధుల్లో, మామూలు ఇళ్లు అద్దెకు తీసుకుని నలుగురైదుగురిని కలిపి ఉంచడం ప్రారంభించింది. తోడుగా ఒక కార్యకర్త. వంట, బజారు, పొరుగువాళ్లతో మాట, చేతనైతే పని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా సమాజంలో కలిసి బతికే హక్కును రాసిపెట్టింది. ఖేడ్‌లో చెన్నై అద్దెలు లేవు. తండాలో ఖాళీగా ఉన్న ఇంటినే వలస నెలల్లో అలా వాడుకోవచ్చు. వెనక ఉండిపోయిన ముసలివాళ్లు, రోగులు కలిసి ఉండటానికి ఒక ఇల్లు, వండిపెట్టే ఒక మనిషి, వారానికోసారి వచ్చే నర్సు. 2018 నుంచి చాలా తండాలు సొంత గ్రామపంచాయతీలయ్యాయి. ఎవరు ఏ నెలలో ఎక్కడికి పోయారో రాసే రిజిస్టరును ఇప్పుడు పంచాయతీయే పెట్టగలదు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం ఉండనే ఉంది. ఆ రిజిస్టరు ఉంటే పోయినచోట బియ్యం ఇప్పించడం కష్టం కాదు. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు అన్న ఏర్పాటు విద్యాశాఖకు ఎప్పటినుంచో తెలుసు. అదే బుద్ధి ముసలివాళ్ల విషయంలో ఎందుకు పుట్టలేదో నాకు అర్థం కాదు.

వచ్చే జనగణనకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ వెలువడింది. జనాభా లెక్క 2027 ఫిబ్రవరిలో, మన ప్రాంతపు ప్రామాణిక తేదీ మార్చి 1. మళ్లీ చెరుకు కాలమే. నిరాశ్రయుల రాత్రి మళ్లీ ఫిబ్రవరి ఆఖర్నే పెడితే సంగారెడ్డి జిల్లా యంత్రాంగం ఒక పని చేయాలి. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, చెరుకు మడుల్లో గుడారాలున్న చోట్లను ముందే గుర్తించి, అక్కడి జిల్లాల అధికారులకు ఆ జాబితా పంపాలి. గుడారాన్ని ఏ గడిలో రాయాలో గణకులకు స్పష్టంగా చెప్పించాలి. న్యూయార్క్‌లోలా ఎన్ని గుడారాలు తప్పిపోయాయో మర్నాడే కొన్నిచోట్ల సరిచూడాలి.

వీటన్నిటికీ మనిషి కావాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు పోస్టులున్నాయి. వాటి సరసన ఒక్క మానవ శాస్త్రవేత్త పోస్టు చేర్చడానికి రాష్ట్ర ఖజానా కుంగిపోదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతిలో ఈ శాస్త్రం చదివినవాళ్లు ఉన్నారు. ఉస్మానియాలో ఉన్నప్పుడు ఎస్.సి. దుబే 1950ల మొదట్లో శామీర్‌పేటలో వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివినవాళ్లను కూడగట్టి చేసిన గ్రామ అధ్యయనం దేశమంతటికీ పాఠ్యమైంది. ఇప్పుడు ఈ శాస్త్రం చదివిన పిల్లలు మాత్రం చదువు పూర్తయ్యాక పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లకు పోతున్నారు. పోస్టు మూడేళ్ల కాంట్రాక్టుదైతే ప్రయోజనం ఉండదు. మార్లవాయిలో అయినా, న్యూయార్క్‌లో అయినా ఫలితమిచ్చింది మకాం మార్చకుండా ఏళ్లతరబడి ఉండటమే. తెలుగుతోపాటు లంబాడీ, కన్నడ, మరాఠీ, ఉర్దూ వినబడే ఊరది. కనీసం రెండు భాషలు నేర్చుకునే ఓపిక ఉన్నవాణ్ని, వీలైతే ఆ తండాలనుంచే చదువుకుని వచ్చిన అమ్మాయినో అబ్బాయినో నియమించాలి.

ఆ మనిషి వచ్చిన తొలి ఏడాదే సరిదిద్దగలిగిన పొరపాటు ఒకటుంది. డీ అడిక్షన్ శిబిరాలను ఇప్పుడు నిధులు విడుదలైన నెలలో పెడుతున్నారు. అది డిసెంబరైనా జనవరైనా పట్టింపు లేదు. అప్పటికి మనిషి ఊళ్లో ఉండడు. కల్తీ కల్లులోని మందులను ఒంటినుంచి వదిలించడానికి మోతాదును వారాలు, కొందరికి నెలలపాటు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. మధ్యలో తెగితే మొదటికే మోసం. చెరుకు కూలి ఉగాదినుంచి దసరా దాకా ఇంట్లో ఉంటాడు. దాదాపు ఆరు నెలలు. చికిత్స ఉగాది మర్నాడు మొదలవ్వాలి. ఎక్సైజ్ దాడుల తేదీలు ఆ తర్వాతే ఖరారు కావాలి. దసరాకు అడ్వాన్సు తీసుకునే రోజున మేస్త్రి చేతిలో కూలి పేరుతోపాటు అతను వాడుతున్న మందుల చీటీ, అక్కడి దగ్గరి ఆసుపత్రి ఫోను నంబరు కూడా ఉండాలి.